టర్బో చమురు దిగుదారి: డీజిల్ ఇంజన్‌లో ఒక గొట్టం, దాని పేరు

వ్యాససంగ్రహం:
డీజిల్ ఇంజన్‌కు అమర్చిన టర్బోచార్జర్‌లోకి చమురు ఒత్తిడితో ప్రవేశిస్తుంది, కాని అక్కడినుంచి కేవలం తన బరువు వల్లనే దిగుతుంది. ఈ తేడాను గమనించకుండా దిగుగొట్టాన్ని అమర్చినప్పుడు పొగ, చమురు నష్టం, కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయం కలుగుతాయి. ఆ గొట్టం దారి ఎలా ఉండాలో, ఎందుకు అలా ఉండాలో వివరించడం, దానికి వాడుకలో ఉన్న ‘రిటర్న్’ అనే పేరు ఆ అవగాహనకు ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టర్బోచార్జర్, కందెన, చమురు పారుదల, దిగుగొట్టం, క్రాంక్ గది, బ్రీదర్, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వృత్తిపదాల సేకరణ వ్యవసాయంతో మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో వచ్చిన సంపుటం చేనేత పదాలతోనూ వెలువడ్డాయి. నాగలికి, మగ్గానికి ఉన్న ప్రతి చిన్న భాగానికీ ఒక పేరు ఉందని, ఆ పేరులో ఆ భాగం చేసే పని ఇమిడి ఉందని ఆ సంపుటాలు చూపాయి. నాగలి స్థానంలో ట్రాక్టరు వచ్చి దశాబ్దాలు గడిచాయి. ట్రాక్టరును, లారీని, వరికోత యంత్రాన్ని విప్పి బిగించేవారి భాష మాత్రం మన పరిశోధనల్లోకి రావలసినంతగా రాలేదు.

ఆ భాషలో అధికభాగం ఆంగ్లపదాలే కదా, అందులో పరిశీలించడానికేముంది అనే ప్రశ్న సహజం. అరువు తెచ్చుకున్న పదం కూడా పనిని సూచిస్తుంది, కొన్నిసార్లు తప్పుగా సూచిస్తుంది. అటువంటి ఒక పదాన్ని తీసుకొని, అది సూచించే వస్తువును పూర్తిగా అర్థం చేసుకున్న తరువాతనే పదం మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పాటించిన పద్ధతి. అందువల్ల ఇందులో భాషావిషయం కన్నా యంత్రవిషయమే ఎక్కువ. వస్తువు తెలియకుండా పరిభాష తయారుచేయడం వల్ల కలిగిన ఫలితాలు మనకు కొత్త కావు.

2. పూసే కందెన, పారే కందెన

ఎద్దుబండి ఇరుసుకు పూసే జిడ్డుకు తెలుగులో ‘కందెన’ అని పేరు. పాఠ్యపుస్తకాలు ఘర్షణను తగ్గించే పదార్థాలన్నింటికీ ఈ మాటనే విస్తరించి వాడుకున్నాయి. ఇది మంచి విస్తరణే. అయితే బండి కందెన పూసిన చోట ఉండిపోతుంది, ఎండిపోతే మళ్లీ పూస్తారు. ఇంజన్‌లోని కందెన ఉండిపోయేది కాదు, పారేది. అది ఘర్షణను తగ్గించడంతోపాటు వేడిని మోసుకుపోతుంది. కనుక అది వచ్చే దారి ఎంత ముఖ్యమో, పోయే దారీ అంతే ముఖ్యం.

టర్బోచార్జర్ ఆలోచన పాతదే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లో పేటెంటు పొందాడు. ఇంజన్ వదిలే పొగవేగంతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటిగాలిని అదిమి సిలిండర్లలోకి పంపుతుంది. మొదటిది టర్బైన్, రెండోది కంప్రెసర్. ఈ రెండింటి నడుమ ఉన్న చిన్న పోతగదిలో ఇరుసు తిరుగుతుంది. వ్యాసంలో దీనిని ‘ఇరుసుగది’ అంటాను. ఇరుసు వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. చిన్న కార్ల టర్బోల్లో అది రెండు లక్షలను కూడా మించుతుంది. ఒకవైపు ఎర్రగా కాలే టర్బైన్, మరోవైపు గాలిని నెట్టే కంప్రెసర్, మధ్యలో పలుచని చమురు పొర మీద తేలే ఇరుసు. ఆ పొర తెగితే క్షణాల్లో ఇరుసు, బుష్ రెండూ అరుగుతాయి.

చమురు ఇంజన్ ప్రధాన గ్యాలరీ నుంచి సన్నని గొట్టం ద్వారా వస్తుంది. దాని వెనుక చమురు పంపు ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ గొట్టం ఎటు వంగినా, ఎంత ఎక్కినా చమురు చేరుతుంది. తీగలా చుట్టి తెచ్చినా పని జరుగుతుంది. ఇబ్బంది అంతా దాని తరువాతి ప్రయాణంలో ఉంది.

3. ఇరుసుగదిలో జరిగేది

బుష్‌ల సన్నని సందుల గుండా బయటికి వచ్చేటప్పటికి చమురు తన ఒత్తిడినంతటినీ కోల్పోతుంది. అంతేకాక, లక్ష చుట్ల ఇరుసు దానిని చిలుకుతుంది. కవ్వం కింది మజ్జిగలా చమురు గాలితో కలిసి నురుగవుతుంది. పంపు లెక్కించి పంపిన పరిమాణం కన్నా దిగవలసిన పరిమాణం ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం సీళ్ల స్వభావం. ఇరుసు రెండు కొసల్లోనూ ఉండే సీళ్లు రబ్బరు సీళ్లు కావు. ఆ వేడికి, ఆ వేగానికి రబ్బరు నిలవదు. అవి పిస్టన్ రింగును పోలిన సన్నని లోహపు రింగులు. నిలిచిన చమురును ఆపే శక్తి వాటికి లేదు. చక్రాల వైపు గాలి ఒత్తిడి ఎక్కువగా, ఇరుసుగదిలో తక్కువగా ఉన్నంతవరకే అవి చమురును లోపల ఉంచగలవు. అంటే సీలు పనిచేయాలంటే ఇరుసుగది దాదాపు ఖాళీగా, చమురు వచ్చింది వచ్చినట్లు దిగిపోతూ ఉండాలి. ‘సీలు పోయింది’ అనే మాట ఈ టర్బోల విషయంలో చాలాసార్లు సరికాదు. సీలు బాగానే ఉండి, దాని ముందు చమురు గుంటకట్టి ఉండవచ్చు.

ఈ ఏర్పాటు వల్ల మరో ఫలితం ఉంది. చక్రాల వైపునుంచి కొంత గాలి, కొంత పొగ ఆ రింగులను దాటి ఇరుసుగదిలోకి వస్తూనే ఉంటాయి. అవి పోవడానికి వేరే ద్వారం లేదు. చమురు దిగే గొట్టం గుండానే అవి కూడా క్రాంక్ గదిలోకి చేరి, బ్రీదర్ ద్వారా బయటపడాలి. కాబట్టి దిగుగొట్టం నిండుగా పారే కాలువ కాదు. అడుగున చమురు, పైన గాలి ఉండే సగం ఖాళీ తూము. దానిని నింపివేసే ఏ అమరికైనా తప్పు అమరికే.

4. గొట్టం దారి

వచ్చే గొట్టం సన్నగా, పోయే గొట్టం లావుగా ఎందుకుంటాయో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిమిషానికి 2 లీటర్ల చమురు పారుతోందని అనుకుందాం. లోపలి వ్యాసం 4 మి.మీ. ఉన్న గొట్టంలో అది సెకనుకు సుమారు 2.6 మీటర్ల వేగంతో పోవాలి. వెనుక పంపు ఉంది కనుక పోతుంది. అదే చమురు నురుగై రెట్టింపు పరిమాణం పొంది, 16 మి.మీ. గొట్టంలో సగభాగాన్ని మాత్రమే ఆక్రమించి దిగుతోందనుకుంటే వేగం సెకనుకు సుమారు 66 సెంటీమీటర్లు సరిపోతుంది. ఇది చమురు బరువు ఒక్కటే ఇవ్వగల వేగం. గొట్టాన్ని 10 మి.మీ.కి తగ్గిస్తే మొత్తం వైశాల్యం 16 మి.మీ. గొట్టపు వైశాల్యంలో సగం కూడా ఉండదు. గాలికి దారి మిగలదు. ఇరుసుగది అడుగున తయారీదారు వదిలిన రంధ్రం కన్నా గొట్టం ఎక్కడా ఇరుకు కాకూడదనే నియమం ఇందువల్లనే వచ్చింది. గొట్టం మధ్యలో కలిపే అతుకుల లోపలి వ్యాసాన్ని కొలవకుండా బయటి లావును చూసి తృప్తిపడడం తరచు జరిగే పొరపాటు.

తరువాతది వాలు. ‘నీరు పల్లమెరుగు’ అనే సామెత చమురుకూ వర్తిస్తుంది, కాని చమురు నీటికన్నా చిక్కన, నురుగు ఇంకా మందకొడి. గారెట్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, వాహనం సమతలంలో ఉన్నప్పుడు చమురు బయటికి వచ్చే ద్వారం నిట్టనిలువు రేఖకు అటూఇటూ 35 డిగ్రీల లోపే ఉండాలి. ఇరుసు కూడా నేలకు సమాంతరంగా, 15 డిగ్రీల తేడా లోపల ఉండాలి. గొట్టంలో ఎత్తుపల్లాలు ఉండకూడదని, నేలకు సమాంతరంగా ఎక్కువ దూరం పోకూడదని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతాయి. మధ్యలో ఒకచోట గొట్టం కిందికి వేలాడి మళ్లీ లేస్తే ఆ వంపులో చమురు నిలుస్తుంది. నిలిచిన చమురు గాలిదారిని మూసేస్తుంది. ఇంటి స్నానాలగదిలో వాసన రాకుండా మురుగుగొట్టానికి కావాలని పెట్టే వంపు ఇదే. అక్కడ గుణమైనది ఇక్కడ దోషం.

సమతలం మీద సరిపోయిన వాలు ఘాట్ రోడ్డు మీద సరిపోకపోవచ్చు. ఇంజన్ ముందువైపుకు 5 డిగ్రీల వాలుతో పోయే గొట్టం, 100 మీటర్లకు 9 మీటర్లు లేచే రోడ్డు ఎక్కేటప్పుడు అడ్డంగా నిలిచిపోతుంది. ఎక్కేటప్పుడే ఇంజన్ మీద బరువు, టర్బో వేగం, చమురు వేడి అన్నీ అధికంగా ఉంటాయి. గట్టు మీద ఒకవైపుకు ఒరిగి నడిచే ట్రాక్టరుకూ ఇదే పరిస్థితి. కనుక వాలును ‘కొద్దిగా ఉంటే చాలు’ అనే దృష్టితో కాక, ఉన్నంతలో నిలువుగా పెట్టాలనే దృష్టితో చూడాలి.

గొట్టం ఎక్కడ ముగియాలి? ఇంజన్ అడుగున చమురు నిలిచే పళ్లేన్ని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. దిగుగొట్టం ఆ చాంబర్‌లోని చమురు మట్టానికి పైన తెరుచుకోవాలి. మట్టానికి కింద తెరుచుకుంటే గొట్టం చివర చమురుతోనే మూతపడుతుంది, గాలి పోలేదు. మట్టానికి పైనే అయినా, క్రాంక్ షాఫ్ట్ చమురును విసిరికొట్టే చోటుకు ఎదురుగా తెరుచుకోకూడదు. ఆ విసురు గొట్టం నోటిని మూసేస్తుంది. కమిన్స్ బి-శ్రేణి ఇంజన్లలో, అంటే మన రోడ్ల మీద తిరిగిన ఎన్నో టాటా లారీలలో ఉన్న ఇంజన్లలో, దిగుగొట్టం చాంబర్‌లోకి కాక బ్లాకు పక్కగోడలోకి చేరుతుంది. టర్బో లేని ఇంజన్‌కు తరువాత టర్బో అమర్చేవారికి అటువంటి సిద్ధమైన రంధ్రం దొరకదు. చాంబర్‌కు రంధ్రం చేసి గొట్టాన్ని అతికించవలసి వస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీది పైగీతను కొలతగా తీసుకొని, దానికి స్పష్టంగా పైన చేయాలి. చాంబర్‌ను విప్పకుండా రంధ్రం చేస్తే లోహపు పొట్టు చమురులో పడుతుంది. ఆదా చేసిన ఒక పూట పని ఖరీదు బేరింగుల రూపంలో తిరిగివస్తుంది.

టర్బోను చాంబర్ కన్నా కిందనో, దాదాపు సమానమైన ఎత్తులోనో పెట్టక తప్పని అమరికలు ఉంటాయి. అక్కడ గొట్టాన్ని ఎంత నేర్పుగా మళ్లించినా ఫలితం ఉండదు. చమురును లాగి పైకి తోడే ప్రత్యేకమైన పంపు పెట్టాలి.

గొట్టపు పదార్థం గురించి రెండు మాటలు. నీటి రేడియేటర్లకు వాడే ఇపిడిఎం రబ్బరు గొట్టం చూపుకు గట్టిగా ఉంటుంది, కాని చమురు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది. పొగగొట్టానికి దగ్గరగా పోయే భాగం ఉక్కుదై ఉండి, వేడి తగలకుండా రేకు అడ్డు ఉండడం మేలు. వేడెక్కిన గొట్టంలో చమురు మాడి బొగ్గుపొరగా గట్టిపడుతుంది. దూరం నడిచిన బండిని ఆపగానే ఇంజన్ కట్టేయకుండా కొద్దిసేపు ఐడిల్‌లో ఉంచమని చెప్పడంలోనూ ఈ మాడుడును తప్పించే ఉద్దేశమే ఉంది. ఇక టర్బో అడుగున ప్యాకింగుకు బదులు సిలికాన్ పూత దట్టంగా పెడితే, బిగించినప్పుడు అది లోపలికి పొంగి రంధ్రానికి అడ్డుగా నిలుస్తుంది. పైకి ఏమీ కనిపించదు.

5. క్రాంక్ గది ఒత్తిడి

గొట్టం అన్నివిధాలా సరిగా ఉండీ చమురు దిగని సందర్భం ఒకటుంది. పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్‌లో మండిన వాయువులు క్రాంక్ గదిలోకి జారుతాయి. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే అవి బయటికి పోలేవు. క్రాంక్ గదిలో ఒత్తిడి పెరుగుతుంది.

అది ఎంత పెరిగితే ఇబ్బంది? ఐడిల్‌లో కంప్రెసర్ వైపు ఒత్తిడి దాదాపు వాతావరణపీడనమే కనుక ఇరుసుగది ఒత్తిడిని కూడా అంతే అనుకుందాం. గొట్టం చివర చమురుతో మూసుకొని ఉంది. క్రాంక్ గదిలో 1 కిలోపాస్కల్ అదనపు ఒత్తిడి ఉంటే, అంటే వాతావరణపీడనంలో నూరో వంతు ఉంటే, దానికి ఎదురునిలవడానికే గొట్టంలో సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తు చమురు పేరుకోవాలి. అది సగం గాలి ఉన్న నురుగైతే 24 సెంటీమీటర్లు. టర్బోకు, చాంబర్‌కు మధ్య అంత ఎత్తే లేని ఇంజన్లు చాలా ఉన్నాయి. అప్పుడు చమురు ఇరుసుగదిలో నిలిచి రింగుల గుండా అటో ఇటో దారి వెతుక్కుంటుంది.

గొట్టం సగం ఖాళీగా ఉన్నట్లయితే పైగదిలోని గాలీ, కిందిగదిలోని గాలీ ఒకటే కాబట్టి చమురు దిగడానికి ఈ అడ్డు ఉండదు. అయినా ఆ అదనపు ఒత్తిడి ఇరుసుగదికీ చేరి, రింగులకు అవతల ఉన్న గాలితో పోటీపడుతుంది. బ్రీదర్‌ను సరిచేయకుండా టర్బోను మార్చడం వల్ల ప్రయోజనం లేకపోవడానికి కారణమిదే. దీనికి విపర్యయం కూడా ఉంది. టర్బో రింగులు బాగా అరిగితే చక్రాల వైపు గాలి అధికంగా క్రాంక్ గదిలోకి చేరి, ఇంజన్ రింగులు అరిగినట్లు భ్రమ కల్పిస్తుంది. ఏది కారణమో, ఏది కార్యమో తేల్చడం ఇక్కడ తర్కశాస్త్ర విద్యార్థికి కూడా పరీక్షే.

6. చూపుకు ఒకటే, సూత్రం వేరు

ఇంజన్ హెడ్‌లో రాకర్లను తడిపిన చమురు కూడా ఇలాగే తన బరువుతో, పోతలో వదిలిన రంధ్రాల గుండా చాంబర్‌కు దిగుతుంది. ఆ రంధ్రాల గుండానే కింది వాయువులు పైకి లేస్తాయి. మడ్డి పట్టి రంధ్రాలు పూడితే చమురు హెడ్ మీదనే నిలిచి, వాల్వ్ గైడ్ల గుండా, బ్రీదర్ గుండా పోతుంది. యజమాని ‘బండి ఆయిల్ తాగుతోంది’ అంటాడు.

వీటికి పూర్తిగా విరుద్ధమైన నియమం ఉన్న గొట్టం ఒకటుంది. బ్రీదర్ వాయువుల్లోని చమురు తుంపరలను వేరుచేసే డబ్బా కొన్ని ఇంజన్లకు ఉంటుంది. అందులో చేరిన చమురు ఒక గొట్టం ద్వారా చాంబర్‌కు దిగుతుంది. ఆ డబ్బాలోని ఒత్తిడి క్రాంక్ గది ఒత్తిడి కన్నా తక్కువ. గొట్టం చివర ఖాళీగా ఉంటే చమురు దిగడానికి బదులు వాయువులే ఆ గొట్టం గుండా పైకి ఎక్కుతాయి. అందుచేత దాని చివర చమురు మట్టానికి కింద మునిగి ఉండాలి, లేదా ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉండాలి. టర్బో గొట్టం మునగకూడదు, ఈ గొట్టం మునగాలి. రెండింటినీ ఒకే అతుకుకు కలిపి ‘రెండూ ఆయిల్ రిటర్నులే కదా’ అనుకోవడం తప్పు. ఒకదానికి మేలు చేసే చివర రెండోదానికి కీడు చేస్తుంది.

7. పొగ కనిపించినప్పుడు

ఐడిల్‌లో నీలిపొగ, ఇంటర్‌కూలర్ గొట్టాల్లో చమురు తడి. ఈ రెండు లక్షణాలు కనిపించగానే ‘టర్బో పోయింది’ అని నిర్ణయించడం పరిపాటి. కొత్త టర్బోను పాత దిగుగొట్టం మీదనే బిగిస్తే కొద్దిరోజుల్లో మళ్లీ అదే పొగ వస్తుంది. లారీ యజమానికి రెండుసార్లు ఖర్చు, మెకానిక్కుకు మాట. టర్బోను విప్పకముందే చూడవలసినవి చౌకైనవి. చమురు మట్టం పైగీతను దాటి ఉందా, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉందా, బ్రీదర్ ఊపిరి తీస్తోందా అన్నవి మొదట చూడాలి. ఫిల్టరు మూసుకుపోతే కంప్రెసర్ చక్రం వెనుక ఒత్తిడి వాతావరణపీడనం కన్నా పడిపోయి చమురును లాగుతుంది. ఆ తరువాత దిగుగొట్టాన్ని విప్పి ఒక కొసనుంచి వెలుతురు చూడాలి. ఇరుసును వేలితో కదిపి చక్రాలు గోడకు తగులుతున్నాయా అని చూడడం చివరి మెట్టు.

ఇది ఖర్చుకు మాత్రమే సంబంధించిన విషయమైతే ఇంత విస్తరించనవసరం లేదు. కంప్రెసర్ వైపు కారిన చమురు గాలితోపాటు సిలిండర్లలోకి పోతుంది. డీజిల్ ఇంజన్‌కు అది కూడా ఇంధనమే. కారడం హెచ్చితే తాళం తిప్పినా, డీజిల్ కట్టేసినా ఇంజన్ ఆగదు. తన చమురునే మండించుకుంటూ అదుపులేని వేగంతో తిరిగి, చమురు అయిపోయేవరకో, భాగాలు విరిగి ఎగిరేవరకో పోతుంది. దానిని ఆపడానికి ఉన్న ప్రధానమార్గం గాలి ద్వారాన్ని గట్టి పలకతో మూయడం. చేతితో మూయడానికి ప్రయత్నించరాదు. గేరు బండి అయితే బ్రేకు తొక్కి పై గేరులో వేసి ఆపే వీలుంది. పక్కన నిలబడినవారు ఇంజన్‌కు దూరంగా పోవడమే క్షేమం.

8. ‘రిటర్న్’ అనే పేరు

డీజిల్ ఇంజన్ మీద ‘రిటర్న్’ అనిపించుకునే గొట్టం మరొకటి ముందునుంచే ఉంది. పంపు, నాజిళ్లు వాడుకోగా మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు చేర్చే సన్నని గొట్టం అది. దాని వెనుక ఫీడ్ పంపు నెట్టుడు ఉంటుంది కనుక అది సన్నగా ఉన్నా, ఎక్కి దిగినా చెల్లుతుంది. పని నేర్చుకునే కుర్రవాడు మొదట ఆ గొట్టాన్ని చూస్తాడు, దాని మీద చేయి తిరుగుతుంది. తరువాత టర్బో అడుగున ఉన్న లావుపాటి గొట్టానికీ అదే పేరు వింటాడు. పేరు ఒకటైనప్పుడు పద్ధతీ ఒకటే అనుకోవడంలో అతని తప్పు లేదు. ‘తిరిగిరావడం’ అనే భావంలో గమ్యం ఉంది గాని, ఏ బలంతో వస్తుందన్న సూచన లేదు. పాఠ్యపుస్తక పరిభాషలో దీనిని ‘పునరాగమన నాళం’ వంటి సమాసంగా మార్చినందువల్ల పొరపాటు సంస్కృతంలోకి మారుతుందే తప్ప తొలగదు.

కొందరు మెకానిక్కులు దీనినే ‘డ్రెయిన్ పైపు’ అంటారు. నా దృష్టిలో ఇది మెరుగైన మాట. వాలు లేకుండా డ్రెయిన్ పారదని పల్లెలోనూ పట్నంలోనూ అందరికీ తెలుసు. తెలుగులో చెప్పదలచుకుంటే సాగునీటి భాష మనకు సిద్ధంగా ఉంది. పారుదల, వాలు, తూము, పల్లం అన్నీ బలవంతం లేకుండా తన బరువుతో కదిలే ద్రవానికి పుట్టిన మాటలు. ‘మురుగు’ అనే మాటను మాత్రం ఇక్కడికి తేకూడదు. ఈ చమురు వ్యర్థం కాదు, మళ్లీ పనికి పోయేది. ఈ వ్యాసంలో వాడిన ‘దిగుగొట్టం’ ఒక ప్రతిపాదన మాత్రమే. ‘చమురు తూము’ అన్నా అభ్యంతరం లేదు. పైనుంచి వచ్చేదానిని ‘పంపుగొట్టం’ అంటే ఆ రెండింటి మధ్య భేదం పేర్లలోనే తెలుస్తుంది. ఒకటి పంపితే పోయేది, మరొకటి దిగితే పోయేది. షెడ్డులో ఈ మాటలు నిలుస్తాయా లేదా అన్నది అక్కడ పనిచేసేవారు తేల్చవలసిన విషయం.